గుఱ్ఱపు కీలు - కొనువాని పరీక్ష

హైదరాబాదు నగరమునందలి జూబ్లీ హిల్స్, దానిని ఆనుకొనియున్న ఫిల్మ్ నగర్ నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. మద్రాసులో పెరిగి పెద్దదైన ఈ పరిశ్రమ 1970వ దశకము నుండి ఈ రాతిగుట్టలపైకి క్రమముగా తరలివచ్చినది. జానపద, పౌరాణిక, చారిత్రక చిత్రములలో కథ యేదైనను, నాయకుడెవరైనను, తెరపై తరచుగా కనిపించు ప్రాణి యొకటి కలదు. అది గుఱ్ఱము. ఇటీవల కొన్ని గుఱ్ఱములను కంప్యూటరు సృష్టించుచున్న మాట నిజమే. అయినను నటుడు జీనుపై కూర్చుండి సంభాషణ పలుకవలసిన చోట ఎముకలు, కండరములు గల నిజమైన గుఱ్ఱమే కావలెను.

అట్టి గుఱ్ఱము సులభముగా దొరకదు. ప్రకాశవంతములైన దీపములకు బెదరకుండుట, గుంపులో కదలక నిలుచుట, పెద్ద చప్పుడైనను తొట్రుపడకుండుట, చెప్పిన గుర్తువద్ద ఆగుట - ఇవి యన్నియు ఓర్పుతో నేర్పవలసిన విద్యలు. ఇప్పుడొక సమస్యను ఊహింతము. ఇట్టి శిక్షణ పొందిన పదేండ్ల గుఱ్ఱమొకటి అమ్మకమునకు వచ్చినది. గుణము మంచిది, వెల తక్కువ. కాని దాని కాలికీలొకదానిలో వ్యాధి యున్నదని అమ్మువాడే చెప్పుచున్నాడు. దానిని కొనవచ్చునా, కొనరాదా?

చిత్రములకు గుఱ్ఱములను సమకూర్చువానికి మాత్రమే గాక, పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱమును త్రిప్పువానికి, స్వారీ నేర్పు సంస్థకు, పందెములనుండి విరమించిన గుఱ్ఱమును చేరదీయదలచినవానికి కూడ ఈ ప్రశ్న ఎదురగును. దీనికి ఒక్కమాటలో బదులు చెప్పుట సులభమే కాని సరికాదు. గుఱ్ఱమును కొనునపుడు మానవుడు ఏ కాలమున దేనిని చూచెను, దేనిని చూడలేకపోయెను అను చరిత్రను తెలిసికొన్నచో సమాధానమునకు దారి దొరకును.

సుడులు, రంగులు, పండ్లు

మన దేశమున అశ్వశాస్త్రము మిక్కిలి ప్రాచీనమైనది. దీనికి శాలిహోత్రుడు ఆద్యుడని సంప్రదాయము. నకులుని పేర అశ్వశాస్త్రము, జయదత్తుని పేర అశ్వవైద్యకము అను సంస్కృత గ్రంథములు కలవు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసము అను పద్యగ్రంథమును రచించెను. శాలిహోత్రుని పేరు కాలక్రమమున "సాలోత్రి"గా మారి హిందూస్థానీ భాషలో గుఱ్ఱపువైద్యునకే పేరైనది. ఒక శాస్త్రకారుని పేరు ఒక వృత్తికి పేరగుట అరుదైన గౌరవము.

ఇట్టి గ్రంథములలో గుఱ్ఱమును ఎన్నుకొనుటకు అనేక లక్షణములు చెప్పబడినవి. శరీరముపై రోమములు తిరుగు సుడులు, రంగు, అవయవముల కొలతలు, నడక, పండ్లు - ఇవి వానిలో ముఖ్యమైనవి. నాలుగు కాళ్ళును ముఖమును తెల్లగానున్న గుఱ్ఱమును పంచకల్యాణి యని నేటికిని శుభప్రదముగా నెంచుదురు.

వీనిలో పరీక్షకు నిలుచునది యెంత? పండ్లను చూచి వయస్సు చెప్పుట నిజముగా శాస్త్రీయమైన పద్ధతియే. గుఱ్ఱమునకు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏండ్ల వయస్సులలో ముందుపండ్లలోని పాలపండ్లు వరుసగా రాలి, వాని స్థానమున శాశ్వతదంతములు వచ్చును. అటుపిమ్మట పండ్ల అరుగుదలనుబట్టి వయస్సును అంచనా వేయుదురు. నేటి పశువైద్యుడును గుఱ్ఱపు నోరు తెరచి చూచును. నడకను పరిశీలింపుమనుట కూడ మంచి సలహాయే. కాని సుడికిని కీలుకును ఎట్టి సంబంధము లేదు. పంచకల్యాణి కాళ్ళ తెలుపు రోమములకును చర్మమునకును మాత్రమే పరిమితము. దాని క్రిందనున్న ఎముక ఆరోగ్యముగా నున్నదో లేదో ఆ తెలుపు చెప్పజాలదు.

మనలో ఒక సామెత కలదు: రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడు కాళ్ళమీద నడచునట. గుఱ్ఱము సోమరియై కుంటుచున్నదనియు, రౌతు గట్టివాడైన సరిగా నడచుననియు దీని భావము. మనుష్యులనుగూర్చి చెప్పునపుడు ఈ సామెత సొగసుగా నుండవచ్చును. గుఱ్ఱముపట్ల మాత్రము ఇది అన్యాయము. మూడు కాళ్ళమీద నడచు గుఱ్ఱమునకు సాధారణముగా నాలుగవ కాలు నొచ్చుచుండును.

తోకకు కూడ వెల

దక్షిణాపథమున గుఱ్ఱము ఎక్కువగా దిగుమతి వస్తువు. పదమూడవ శతాబ్దము చివర ఈ తీరములనుగూర్చి వ్రాసిన మార్కో పోలో, పాండ్యదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముమీదుగా తెప్పించుకొనుచుండిరనియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో కొలదిమాత్రమే మిగులుచుండెననియు తెలిపెను. గుఱ్ఱములకు ఉడికించిన అన్నమును మాంసమును పెట్టుచుండిరనియు, వానికి చికిత్స చేయ తెలిసినవారు లేరనియు అతడు వ్రాసెను. అంతేకాదు, గుఱ్ఱపువైద్యులను ఆ దేశమునకు పోనీయకుండ వర్తకులే అడ్డుపడుచుండిరట. చచ్చిన గుఱ్ఱమునకు బదులు మరియొకటి అమ్ముడుపోవును గదా!

విజయనగర చరిత్రలో ఇంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. 1535 ప్రాంతమున ఆ నగరమున నివసించిన పోర్చుగీసు దేశస్థుడు నూనిజ్ స్వయముగా గుఱ్ఱముల వర్తకుడు. సాళువ నరసింహరాయలు హొర్ముజ్, ఏడెన్ రేవులనుండి గుఱ్ఱములను తెప్పించి, మూడింటికి వేయి వరహాల చొప్పున చెల్లించెననియు, వానిని ప్రాణముతోనున్నను లేకున్నను తీసికొనెననియు అతడు వ్రాసెను. ఓడలో చచ్చిన గుఱ్ఱముయొక్క తోకను తెచ్చి చూపినను బ్రతికియున్న గుఱ్ఱమునకు వలెనే వెల ముట్టుచుండెనట. శ్రీకృష్ణదేవరాయలు ఏటేట హొర్ముజ్ గుఱ్ఱములను నాటుగుఱ్ఱములను కలిపి పదమూడువేలు కొనుచుండెనని కూడ అతని వ్రాతవలన తెలియుచున్నది. దూరదేశములనుండి ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండ చూచుకొనవలెనని రాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున ఉపదేశించెను.

రాజు తోకకు వెల యిచ్చుట అవివేకమని తోచవచ్చును. కాని అది లెక్క యెరిగిన పనియే. సముద్రప్రయాణములోని నష్టమును వర్తకునిపై వేసినచో వాడు గుఱ్ఱములను మరియొక రాజ్యమునకు తోలుకొనిపోవును. కావున ఆ నష్టమును రాజు తనపై వేసికొనెను. గుఱ్ఱపు బేరములో దాగియున్న అసలు ప్రశ్న ఇదియే: రాబోవు నష్టమును ఎవరు భరింపవలెను? కీలువ్యాధి గల గుఱ్ఱమును కొనువాడును ఈ ప్రశ్నకే సమాధానము వెదకుచున్నాడు. భేదమేమన, వానికి రాజుగారి బొక్కసము లేదు.

పందెములు వచ్చిన తరువాత

యుద్ధములలో గుఱ్ఱమునకు ప్రాధాన్యము తగ్గుచున్న కాలముననే హైదరాబాదులో గుఱ్ఱపుపందెములు వెలసినవి. 1868లో మౌలాలీ వద్ద ప్రారంభమైన పందెములను 1886లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ మలక్‌పేటకు మార్పించెను. మలక్‌పేట మైదానము నేటికిని పందెములకు ప్రసిద్ధి.

పందెము కీలును కఠినముగా పరీక్షించును. పందెపుగుఱ్ఱమును రెండేండ్ల వయస్సునుండియే పరుగెత్తింతురు. అప్పటికి దాని ఎముకల పెరుగుదల ఇంకను పూర్తికాదు. పరుగు వలన ఎముక బలపడుట నిజమే. కాని విశ్రాంతి లేక మాటిమాటికి పడు దెబ్బలవలన కీలు అరుగుటయు నిజమే. పందెములకు పనికిరాకపోయిన గుఱ్ఱము చిన్నవయస్సులోనే విరమించి, మరియొక పనికై మరియొకరి చేతికి పోవును. దానితోపాటు దాని కీలుయొక్క చరిత్రయు పోవును. అమ్మువాడు ఆ చరిత్రను చెప్పినను చెప్పకున్నను అది గుఱ్ఱపు కాలిలో వ్రాయబడియే యుండును.

దానిని చదువు విద్య ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్దమున ఒక క్రమమునకు వచ్చినది. ప్రపంచమున మొదటి పశువైద్య పాఠశాలను 1762లో ఫ్రాన్సు దేశమునందలి లియోన్ నగరమున బూర్జెలా అనునతడు నెలకొల్పెను. అచ్చట చదివిన ఆంగ్లేయుడు విలియం మూర్‌క్రాఫ్ట్ 1808లో మన దేశమునకు వచ్చి, బీహారులోని పూసా వద్దనున్న ఈస్టిండియా కంపెనీవారి గుఱ్ఱముల పెంపకశాలకు అధిపతి యయ్యెను. 1816లో జేమ్స్ టర్నర్ అను ఆంగ్ల పశువైద్యుడు గిట్టలోపల దాగియున్న నావవంటి చిన్న ఎముకకు సంబంధించిన వ్యాధిని గుర్తించెను. అంతకు పూర్వము భుజములో దోషమని చెప్పబడిన కుంటుతనమునకు పెక్కుసారులు కారణము గిట్టలోనే యున్నదని దీనివలన తేలినది. హైదరాబాదులో రాజేంద్రనగరునందున్న పశువైద్య కళాశాల 1946లో ఏర్పడినది.

చలనచిత్రమునకు తొలి పాఠము

గుఱ్ఱపు కాళ్ళ చరిత్రలో జూబ్లీ హిల్స్‌వారు తప్పక తెలిసికొనదగిన ఘట్టమొకటి కలదు. దౌడు తీయుచున్న గుఱ్ఱముయొక్క నాలుగు కాళ్ళును ఒకేసారి నేలను వదలునా? ఈ ప్రశ్నకు కంటిచూపు సమాధానము చెప్పజాలకపోయెను. 1878లో అమెరికా దేశమునందలి కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు పరుగుబాట ప్రక్కన కెమెరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము సాగిపోవుచుండగా ఒకదాని తరువాత ఒకటిగా చిత్రములు తీసెను. నాలుగు కాళ్ళును నేలను వదలుట నిజమేనని తేలినది. అయితే చిత్రకారులు వేయుచుండినట్లు కాళ్ళు ముందునకు వెనుకకు చాచియున్నపుడు కాదు, పొట్టక్రిందికి ముడుచుకొనియున్నపుడు!

మరుసటి సంవత్సరము మైబ్రిడ్జ్ ఇట్టి చిత్రములను వేగముగా త్రిప్పి తెరపై చలనమును చూపు యంత్రమును తయారుచేసెను. చలనచిత్రమునకు దారి తీసిన ప్రయోగములలో ఇది ముఖ్యమైనది. సినిమా గుఱ్ఱమునకు ఋణపడియున్నదనుట అలంకారము కాదు. ఆ ఋణము రెండు వైపులను తీరుచున్నది. నేడు పశువైద్యుడు గుఱ్ఱపు నడకను చిత్రీకరించి, నెమ్మదిగా త్రిప్పి చూచి, కంటికందని కుంటుతనమును పట్టుకొనుచున్నాడు.

కీలు ఎట్లు పనిచేయును?

గుఱ్ఱపు కాలు చూచుటకు మన కాలువలె నున్నను దాని యేర్పాటు వేరు. ముందుకాలిలో మోకాలని మనము పిలుచునది నిజముగా మన మణికట్టునకు సమానము. వెనుకకాలిలో వెనుకకు వంగియున్న కీలు మన మడమయొద్దిది. గుఱ్ఱము ఒక్కొక్క కాలి ఒకే వ్రేలి కొనపై నిలుచును. గిట్ట ఆ వ్రేలి గోరు. ముందుకాళ్ళకును మొండెమునకును ఎముకల కలయిక లేదు. కండరములే ఉయ్యాలవలె శరీరమును మోయుచుండును. నిలుచున్నపుడు భారములో సుమారు 60 శాతము ముందుకాళ్ళపైననే యుండును. కావుననే కుంటుతనము ముందుకాళ్ళలో ఎక్కువ.

కీలులో రెండు ఎముకల కొనలను నున్ననైన మృదులాస్థి కప్పియుండును. రెంటి నడుమ జిగటగానున్న కీలుద్రవము కందెనవలె పనిచేయును. మృదులాస్థిలో రక్తనాళములు లేవు, నాడులు లేవు. రక్తనాళములు లేనందున అది ఒకసారి చెడినచో తిరిగి పూర్వమువలె పెరుగుట కష్టము. నాడులు లేనందున మొదట చెడునపుడు నొప్పి తెలియదు. చుట్టునున్న పొరయు ఎముకయు బాధింపబడిన తరువాతనే గుఱ్ఱము కుంటును. కుంటు మొదలగునప్పటికే వ్యాధి కొంత దూరము సాగియుండవచ్చునన్న మాట.

ఇక భారమెంతయో చూతము. నడకలో ఒక ముందుకాలిపై పడు గరిష్ఠభారము గుఱ్ఱపు బరువులో 60 శాతము చేరువలో నుండును. మూలమూలగా రెండేసి కాళ్ళు కలిపి వేయు దుల్కీలో అది మొత్తము బరువునకు సమానమై, కొంచెము మించును. మిక్కిలి వేగముగా దౌడు తీయునపుడు బరువునకు రెండున్నర రెట్లు కావచ్చును. 500 కిలోగ్రాముల గుఱ్ఱమైనచో దౌడులో ఒక్క కాలిపై క్షణకాలము 1250 కిలోగ్రాముల భారము పడుచున్నదన్న మాట.

వేగమునందలి శక్తిని కూడ లెక్కింతము. గుఱ్ఱమును రౌతును కలిపి 580 కిలోగ్రాములనుకొందము. సెకనుకు 1.5 మీటర్ల నడకలో గతిజశక్తి సుమారు 650 జౌళ్ళు. సెకనుకు 15 మీటర్ల దౌడులో సుమారు 65,000 జౌళ్ళు. వేగము పదిరెట్లు పెరిగినచో శక్తి నూరురెట్లు పెరిగినది. కీలుపై భారము నూరురెట్లు పెరుగదు. కాని దౌడులో కీలు తప్పి గుఱ్ఱము కూలినచో ఈ శక్తియంతయు గుఱ్ఱపు ఎముకలలోను రౌతు శరీరములోను ఖర్చు కావలసినదే. కీలు జబ్బు గల గుఱ్ఱమును నడిపించుట వేరు, పరుగెత్తించుట వేరు అనుటకు ఇది భౌతికశాస్త్రము చెప్పు కారణము.

పరీక్షయు దాని పరిమితియు

కుంటుగుఱ్ఱమును గుర్తించుటకు విద్యార్థులు కూడ చేయదగిన పరీక్ష యొకటి కలదు. గట్టినేలపై గుఱ్ఱమును తిన్నగా దుల్కీలో నడిపించి దాని తలను చూడవలెను. నొచ్చుచున్న ముందుకాలు నేలను తాకునపుడు గుఱ్ఱము తలను పైకెత్తును. బాగున్న కాలు తాకునపుడు తలను దించును. బరువును చెడ్డకాలినుండి తప్పించుటయే దీని ప్రయోజనము. పెండ్లి ఊరేగింపులో గుఱ్ఱము కనిపించినపుడు దూరమునుండి దీనిని పరిశీలింపవచ్చును. నడకలో ఇది దుల్కీలోవలె స్పష్టముగా తెలియదు. కాని కుంటు హెచ్చుగానున్నచో నడకలోనే బయటపడును.

పశువైద్యుడు ఇంతతో ఆగడు. కీలును కొంతసేపు మడిచిపట్టి వదలి వెంటనే నడిపించును. కాలి క్రిందిభాగమునుండి మొదలిడి నాడులను ఒక్కొక్కటిగా మందుతో మొద్దుబార్చి, ఎచ్చట మందిచ్చినపుడు కుంటు మాయమైనదో చూచి నొప్పి స్థానమును కనుగొనును. 1895లో రంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణములు ఎముకను చూపును. కాని ఎక్స్-రే చిత్రమే తీర్పు కాదు. ఎముకపై ముండ్లవంటి పెరుగుదల లున్నను కుంటని గుఱ్ఱములు కలవు. చిత్రము శుభ్రముగా నున్నను మృదులాస్థి చెడి కుంటు గుఱ్ఱములును కలవు. చిత్రము ఎముకను చూపును. బాధను గుఱ్ఱపు నడక చూపును. రెంటిని కలిపి చదువవలెను.

నొప్పి మాయమైన గుఱ్ఱము

ఇరువదవ శతాబ్దమున కీలువ్యాధికి మందులు పెక్కు వచ్చినవి. 1949లో మనుష్యుల కీళ్ళవాతమున కార్టిసోన్ అద్భుతముగా పనిచేయునని తేలినది; గుఱ్ఱములకును ఆ కోవకు చెందిన మందులను వాడసాగిరి. ఫినైల్‌బ్యూటజోన్ అను నొప్పిమందు కూడ ఆ ప్రాంతముననే వాడుకలోనికి వచ్చినది. కీలుద్రవమునకు జిగటనిచ్చు హయలురోనిక్ ఆమ్లమును 1934లో మేయర్, పామర్ అను శాస్త్రజ్ఞులు ఎద్దు కంటినుండి వేరుచేసిరి. 1970లో బాలాష్ మున్నగువారు దానిని పందెపుగుఱ్ఱముల కీళ్ళలోనికి ఎక్కించి ఫలితములను ప్రకటించిరి.

ఇవి గుఱ్ఱమునకు ఉపశమనము నిచ్చును. మంచి వైద్యుని చేతిలో మేలు చేయును. కాని పోయిన మృదులాస్థిని తిరిగి నిర్మింపజాలవు. ఇచ్చటనే ప్రమాదమున్నది. గుఱ్ఱమునకు మాట లేదు. నొప్పియే దాని మాట. నొప్పిని అణచి పరుగెత్తించినచో దాని నోరు మూసినట్లే యగును. పూర్వకాలమున గిట్టకు పోవు నాడిని కోసి కుంటుతనమును మాయము చేయు శస్త్రచికిత్స కూడ ఉండెను. అట్టి గుఱ్ఱము అంగడిలో చక్కగా నడచును. లోపల వ్యాధి మాత్రము నిరాటంకముగా సాగుచుండును. కావుననే కొనువాడు గుఱ్ఱమును చూచుటకు ముందు ఏ మందులు ఎప్పుడిచ్చిరో అడుగవలెను; అనుమానమున్నచో రక్తపరీక్ష చేయింపవలెను.

మౌనము మోసమగునా?

అమ్మువాడు చెప్పకున్న నేమగును? దీనిని న్యాయశాస్త్రము గుఱ్ఱమును ఉదాహరణగా తీసికొనియే చర్చించినది. 1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టమున 17వ సెక్షను మోసమును నిర్వచించును. దానిక్రింద నిచ్చిన ఉదాహరణలలో మూడు గుఱ్ఱపు అమ్మకమునకు సంబంధించినవే. లోపమున్నదని తెలిసియు వేలములో ఏమియు చెప్పక గుఱ్ఱమును అమ్మినచో, ఆ మౌనము మాత్రమే మోసము కాదు. కొన్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తెయే యైనచో, ఆ బంధుత్వమువలన చెప్పుట తండ్రి ధర్మమగును. మూడవది మిక్కిలి ఉపయోగకరమైనది. "మీరు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదనియే నమ్మెదను" అని కొనువాడు అనగా అమ్మువాడు ఊరకున్నచో, ఆ మౌనము మాటతో సమానము.

ఈ మూడు ఉదాహరణలును కొనువానికి ఒకే పాఠమును చెప్పుచున్నవి: అడుగుము, వ్రాతమూలకముగా అడుగుము. మన సమస్యలో అమ్మువాడు తానే వ్యాధిని చెప్పినాడు. అది మెచ్చదగినది. కాని చెప్పిన తరువాత భారము కొనువానిపైకి వచ్చినది. "కీలులో కొంచెము దోషమున్నది" అను మాట చాలదు. ఏ కీలు, ఎప్పటినుండి, ఏ చికిత్స, ఎన్నిమారులు అను వివరములు కాగితముపైకి రావలెను.

పనికి తగునా?

బాగున్న గుఱ్ఱమనగా నేమి? 1842లో ఇంగ్లండు న్యాయమూర్తి పార్క్ పశువుల అమ్మకపు వ్యాజ్యమొకదానిలో దీనికి ఒక కొలతను నిర్ణయించెను. అమ్మకము నాటికి ఉన్న వ్యాధి జంతువుయొక్క సహజమైన ఉపయోగమును అప్పుడు గాని, ముందుముందు గాని తగ్గించునదైనచో అది బాగున్న జంతువు కాదని దాని సారాంశము. ఇందులో ఉపయోగము అను మాటయే కీలకము. గుఱ్ఱము ఏ పనికి అన్న ప్రశ్న లేక ఆరోగ్యమును కొలువలేము.

దీనిని శరీరశాస్త్రము కూడ బలపరచుచున్నది. వెనుకకాలి మడమకీలులో నిజమునకు అనేకమైన చిన్నకీళ్ళు కలవు. వానిలో క్రిందివి చాల కొద్దిగా మాత్రమే కదలును. అచ్చట వ్యాధి కలిగి ఎముకలు ఒకదానితో నొకటి అతుకుకొని పోయినచో నొప్పి తగ్గి గుఱ్ఱము తిరిగి పనికి వచ్చుట కలదు. కాని ముందుకాలి మోకాలు గాని, గిట్టకు పైనున్న కీలు గాని విశేషముగా కదలునవి. అచ్చట అరుగుదల మొదలైనచో దౌడు తీయుకొలది అది పెరుగును. వ్యాధి పేరొకటే, కీలు మారినచో గుఱ్ఱపు భవిష్యత్తు మారును.

ఇప్పుడు మన సమస్యకు రాగలము. ఆ గుఱ్ఱమును యుద్ధదృశ్యములలో దౌడు తీయించుటకు, కందకములు దూకించుటకు కొనదలచినచో, కదలిక గల కీలులో వ్యాధి యున్నపుడు కొనరాదు. వెల ఎంత తక్కువైనను కొనరాదు. పడునది గుఱ్ఱమొక్కటే కాదు. దానిపై నటుడో, అతనికి బదులుగా స్వారీచేయు పనివాడో ఉండును. ఊరేగింపు, దర్బారు వంటి దృశ్యములలో నిలుచుటకును నెమ్మదిగా నడచుటకును, లేక పిల్లలకు స్వారీలో తొలిపాఠములు నేర్పుటకును కొనదలచినచో, మందుల ప్రభావము లేనపుడు పరీక్షించి, కుంటు లేదని పశువైద్యుడు చెప్పిన పిమ్మట కొనవచ్చును. మంచి గుణము, శిక్షణ గల ముసలి గుఱ్ఱము క్రొత్త రౌతునకు దుడుకైన పడుచు గుఱ్ఱముకంటె మేలైన గురువు.

అయితే చౌకగా దొరికినదని సంతోషించుటకు ముందు మరియొక సామెతను తలచుకొనవలెను: గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తక్కువ లేదు. వెల ఒకసారి ఇచ్చునది; దాణా, లాడములు, వైద్యము ఏటేట ఇచ్చునవి. కీలువ్యాధి గల గుఱ్ఱమునకు లాడములు మరింత శ్రద్ధతో వేయింపవలెను, బరువు పెరుగనీయరాదు, మెత్తనినేలపై నిత్యము కొంత నడిపింపవలెను. అది పనిచేయలేని రోజు తప్పక వచ్చును. ఆ రోజున దానిని ఏమి చేయుదువను ప్రశ్నకు కొనునాడే సమాధానముండవలెను. సమాధానము లేనివాడు ఆ వ్యాధిని దాచి మరియొకనికి అమ్మజూచును. అట్లే గుఱ్ఱము చేతులు మారుకొలది దాని కథ మరుగున పడును, బాధ మాత్రము మిగులును.

చట్టము కూడ ఈ బాధ్యతను గుర్తించినది. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము వ్యాధివలన గాని, వయస్సువలన గాని, గాయమువలన గాని తగని జంతువుచేత పనిచేయించుట నేరము. 2001లో వచ్చిన ప్రదర్శన జంతువుల నమోదు నియమములు చలనచిత్రములలో వాడు జంతువులకు వర్తించును. జంతువు ఆరోగ్యముగా నున్నదని పశువైద్యుని ధ్రువపత్రము కావలెను. తీగలు కట్టి, గోతులు త్రవ్వి గుఱ్ఱమును పడద్రోయుటను ఆ నియమములు నిషేధించినవి. పూర్వము ప్రపంచమున అనేక చిత్రములలో గుఱ్ఱములు పడుట నటన కాదని దీనివలన మనము గ్రహింపవచ్చును.

సుడిని చూచి కొన్న కాలము, తోకకు వెల యిచ్చిన కాలము గడచినవి. నేడు కీలులోనికి తొంగిచూచు సాధనములు మనకు కలవు. కాని ఏ సాధనమును కొనువాని తరపున నిర్ణయము చేయదు. అది గుఱ్ఱపు కాలిలోని దోషమెంతయో చెప్పును. ఆ దోషము గల కాలిపై ఎంత భారము మోపవచ్చునో నిర్ణయించుట మనుష్యుని పని. తెలిసిన వ్యాధిని దాచక చెప్పి అమ్ముట, తెలిసి కొన్నవాడు ఆ వ్యాధికి తగిన పనినే చేయించుట - ఈ రెండును జరిగినచోట కీలు చెడిన గుఱ్ఱమునకు కూడ గౌరవమైన బ్రతుకు కలదు.